రెండుసార్లు విప్పిన గంతలు

కిందటివారం తొందరని గది గుమ్మంలో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేసి వచ్చేశాం. పాపం, వారమంతా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. ముందు దాన్ని కూర్చోబెట్టి, కాసిని మంచినీళ్ళిచ్చి, తర్వాత కథలోకి వెళదాం.

తొందర అన్నది దాని అసలు పేరు కాదని వేరే చెప్పాలా? ల్యాబ్‌లో కంప్యూటరు ప్రోగ్రాములు రాసే పిల్ల. ఇవాళ చెప్పిన పని నిన్ననే చేసేసినట్టుండాలి దానికి. అందుకే అందరూ అలా పిలుస్తారు. నిన్న సాయంత్రం మిగతావాళ్ళంతా సంచులు సర్దుకుని వెళ్ళిపోయాక అది, ఈ ప్రయోగం నడిపించే మన కోడలి గదికొచ్చి, “అక్కా, కొంప మునిగింది. గంతలు నేను ముందే విప్పేశాను,” అంది. అక్కడ ఆగాం.

కొత్తగా చదువుతున్నవాళ్ళు కంగారు పడకండి. గంతలంటే ఏమిటో, అవి ముందే విప్పేస్తే ఎవరి కొంప ఎందుకు మునుగుతుందో చెబుతాను. పాతవాళ్ళు కూడా వినండి. మీలో సగం మంది మర్చిపోయే ఉంటారు, నాకు తెలుసు.

ఊరి చివర కరెంటు తయారుచేసే అణు రియాక్టరు ఉంది కదా. దాని కడుపులోంచి న్యూట్రినోలనే కణాలు పుట్టుకొస్తుంటాయి. వాటికి గోడ అడ్డం కాదు, కొండ అడ్డం కాదు. కోట్లకు కోట్లు మన ఒంట్లోంచి దూసుకుపోతుంటే మనకి చీమ కుట్టినట్టైనా ఉండదు. పైగా అవి ఒట్టి వేషగాళ్ళు. దారిన పోతూ పోతూ ఒక వేషంలోంచి ఇంకో వేషంలోకి మారిపోతుంటాయి. వేషాలు మూడని లోకమంతా ఒప్పుకుంది. ఒప్పుకుంది గాని, ఏళ్ళ తరబడి అక్కడక్కడ లెక్క కుదరడం లేదు. ఒక ప్రయోగంలో రావలసినవాటికంటే ఎక్కువొస్తాయి, ఇంకోదాంట్లో తక్కువొస్తాయి. దేన్నీ ముట్టుకోని, ఎవరికీ చిక్కని నాలుగో వేషం ఒకటుందా, తగ్గినవన్నీ అందులోకి జారుకున్నాయా అన్నది ప్రశ్న. పుస్తకాల్లో దాన్ని స్టెరైల్ న్యూట్రినో అంటారు. మన ల్యాబ్‌లో మాత్రం ‘మూగది’ అంటారు, ఎవరినీ పలకరించదు కనక.

దాన్ని పట్టుకోవడానికే బండి. రియాక్టరు కింద నేలమాళిగలో, పట్టాల మీద ఉంటుంది. బండి అంటే మరేం కాదు, ఒక పెద్ద తొట్టి. న్యూట్రినోల్లో ఏ ఒక్కటో ఖర్మ కాలి తగిలితే తొట్టిలో ద్రవం చిన్నగా మెరుస్తుంది. బండి దగ్గర మజిలీలో కొన్నాళ్ళు, మధ్య మజిలీలో కొన్నాళ్ళు, దూరపు మజిలీలో కొన్నాళ్ళు నిలబడి ఆ మెరుపుల్ని లెక్కపెడుతుంది. దూరం పోయేకొద్దీ కణాలు ఎలాగూ పల్చబడతాయి, ఆ తరుగుని లెక్కలో సరిచేసేస్తారు. అలా సరిచేశాక కూడా ఒక మజిలీలో మాత్రం లెక్క తగ్గి గుంట పడి, మిగతా రెండూ నిండుగా ఉంటే, కణాలు దారిలో నాలుగో వేషం కట్టి మళ్ళీ విప్పేశాయన్నమాట. మూగది దొరికినట్టే.

ఇక గంతలు. మనిషి ఆశ చెడ్డది. ఫలానా జవాబు కావాలని మనసులో ఉందనుకోండి, చెయ్యి దానంతటదే అటు వాలుతుంది. అందుకని వీళ్ళు తమ కళ్ళకి తామే గంతలు కట్టుకుంటారు. ఒక పెద్దమనిషి ఎవరికీ చెప్పకుండా ఏదో ఒక మజిలీ లెక్కలో కొన్ని దొంగ మెరుపులు కలుపుతాడు. ఏ మజిలీలో కలిపాడో, ఎన్ని కలిపాడో, అసలు కలిపాడో లేదో ఆయనకే ఎరుక. మిగతావాళ్ళు ఆ కలగాపులగంతోనే పని చేసి, అన్నీ సరిచూసుకుని, ఇక వేలు పెట్టమని ఒట్టేసుకున్నాక ఆయన తన తాళం తీస్తాడు. అప్పుడు ప్రోగ్రాము ఆ దొంగవాటిని ఏరి పారేస్తుంది. అదీ గంతలు విప్పడమంటే.

కిందటి నెల విప్పారు. దగ్గర మజిలీ నిండుగా ఉంది. దూరపు మజిలీ నిండుగా ఉంది. మధ్య మజిలీలో నూటికి ఆరు లేవు. గంతలు విప్పినవాళ్ళు గంతులు వేశారు. ఇవాళ మధ్యాహ్నం సభ. ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలొచ్చారు, పత్రికలవాళ్ళొచ్చారు, వేదికెక్కి చెప్పాల్సింది మన కోడలు.

తొందర చేసిన నిర్వాకం ఏమిటంటే, మెరుపుల్ని ఏరే ప్రోగ్రాముని ఎప్పుడో తిరగరాస్తూ, ఎలాగూ ఒకనాటికి విప్పాల్సిందే కదా అని, విప్పే పని కూడా అందులోనే ఇరికించేసింది. పాత విప్పుడు ప్రోగ్రాము దాని మానాన అది ఉండనే ఉంది. పరీక్ష చెయ్యలేదా అంటారా? చేశారండీ. ఉత్తుత్తి తాళం పెట్టి పాతదాన్ని పరీక్షించారు, బాగా పనిచేసింది. ఇంకో ఉత్తుత్తి తాళం పెట్టి కొత్తదాన్ని పరీక్షించారు, అదీ బాగా పనిచేసింది. రెండు పరీక్షలూ చూసి సరేనన్నది కోడలే. రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తే ఏమవుతుందో చూడాలని ఒక్కరికీ తట్టలేదు. అసలు తాళం తీసిన రోజున రెండూ పనిచేశాయి. దొంగ మెరుపుల్ని ఒకటి ఏరేసింది. ఏరడానికి ఇంకేం మిగల్లేదు కనక రెండోది అంతే లెక్క అసలువాటిని ఏరేసింది.

“ఏడవకు,” అంది కోడలు నిన్న సాయంత్రం, తొందర వీపు నిమురుతూ. “చెప్పావుగా. చెప్పకుండా ఊరుకుంటే ఏడవాలి. ముందు రెండో విప్పుడు తీసేసి లెక్క మళ్ళీ మొదలుపెట్టు.”

“రేపు రాత్రికి గాని రాదక్కా జవాబు. సభ మధ్యాహ్నమే కదా.”

“నువ్వు మొదలుపెట్టు. మిగతాది నేను చూసుకుంటాను.”

చూసుకోవడానికి ఒకటే దారి. గంతలు కట్టిన పెద్దమనిషిని అడగడం, ఆ తాళంలో ఏముందో ఇంకెవరికీ కనబడదు కనక. ఏ మూలో, ఏ కాస్తో కలిపి ఉంటే రెండుసార్లు విప్పినా పెద్ద నష్టం లేదు, గుంట నిజమైనదే. మధ్య మజిలీలోనే కలిపి ఉంటే మాత్రం ఆ గుంట వీళ్ళ చేత్తో వీళ్ళు తవ్వుకున్నది. మధ్య మజిలీ కాకూడదు దేవుడా అని కోడలు ఇంటికెళ్ళే దారంతా అనుకుంటూనే ఉంది. వెళ్ళేసరికి ఆయన నిద్రపోయాడు. ఆ పెద్దమనిషి ఎవరో పాతవాళ్ళకి తెలుసు. ల్యాబ్‌లో ఆమెకి మాస్టారు, ఇంట్లో ఆమెకి మామగారు.

ఈ రెండు వరసల్నీ కోడలు ఎప్పుడూ కలవనిచ్చేది కాదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ల్యాబ్ మీటింగులో నోరు జారి “మామయ్యా, ఆ గ్రాఫు ఇటివ్వండి” అంటే అందరూ ఇళ్ళకెళ్ళేదాకా నవ్వారు. అప్పట్నుంచి గేటు లోపల మాస్టారు, గేటు బయట మామయ్య. వంటింట్లో న్యూట్రినోల మాటొచ్చినా సరే మామయ్యే.

పొద్దున్న ఆమె లేచి వచ్చేసరికి మాస్టారు వంటింటి బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. అత్తయ్య పక్క గదిలో, తలుపు తెరిచే ఉంచి, ఆయన కోటు ఇస్త్రీ చేస్తోంది. కోడలి మొగుడు ఇంట్లో లేడు. పళ్ళ డాక్టరు కదా, సెలవు రోజున కూడా ఎవరికో దవడ వాచిందని పరిగెత్తాడు.

“రా అమ్మా, టీ ఉంది,” అన్నాడు మాస్టారు. మనిషి మొహం వెలిగిపోతోంది. గడ్డం గీసుకుంటూ రెండు చోట్ల కోసుకున్నాడు కూడా.

అత్తయ్య అక్కణ్ణుంచే అందుకుంది. “మీ మామగారు తెల్లారకుండా లేచి నన్నూ లేపారే. ఏ చొక్కా, ఏ బూట్లు అని ప్రాణం తీస్తున్నారు. పెళ్ళినాడు కూడా ఇంత సింగారం లేదు తల్లీ. ఎంతైనా నా సవతిని చూడ్డానికి లోకమంతా వస్తోందాయె.”

సవతి అంటే మూగదే. అదొక పాత కథ. ఎన్నో ఏళ్ళ కిందట మాస్టారు వేరే చోట చేసిన ప్రయోగంలో న్యూట్రినోలు రావలసినవాటికంటే ఎక్కువొచ్చాయి. నాలుగో వేషం ఉంటే తప్ప ఇలా రావని ఆయన చెప్పాడు. ఇంకో రెండు బృందాలు వెతికితే వాళ్ళకేమీ కనబడలేదు. ఇంకో బృందానికి ఏదో కనబడినట్టే కనబడింది గాని, ఆయన చెప్పిన చోట కాదు. అంతే, సభల్లో ఆయనకి ‘మూగదాని మొగుడు’ అని పేరు పడిపోయింది. ఆయన లేచి ప్రశ్న అడిగితే వెనక వరసల్లో కిసకిసలు. ఆ పేరు ఇంటిదాకా వచ్చిన రోజున ఆయన అన్నం మానేసి కూర్చుంటే, “అయితే నాకు సవతన్నమాట, పోన్లెండి, నోరు లేనిది, పేచీ ఉండదు,” అని అత్తయ్యే నవ్వించింది. అలాంటి మనిషికి ఇన్నేళ్ళకి ఇవాళ ముందు వరసలో కుర్చీ వేశారు. కోడలు తన టీ ముట్టుకోలేదు.

“మామయ్యా, ఒకటి అడగనా?”

“అడుగు.”

“గంతలు ఏ మజిలీకి కట్టారు?”

మాస్టారు కప్పు సాసర్లో పెట్టి, సాసర్ని కొంచెం పక్కకి జరిపాడు. “ఇప్పుడెందుకమ్మా అది? విప్పేశాం, అయిపోయింది.”

“సభలో ఎవరైనా అడుగుతారేమోనని.”

“అడిగితే నన్నడుగుతారు. నేనక్కడే ఉంటానుగా.” మళ్ళీ కప్పు అందుకున్నాడు. “దగ్గర మజిలీకి. నూటికి అయిదో ఎంతో. గుర్తు లేదు.”

హమ్మయ్య అనుకుంది కోడలు. ఒంట్లోకి ప్రాణం లేచొచ్చింది. దగ్గర మజిలీయే. మధ్యది కాదు. మధ్యలో పడిన గుంట ఎవరూ తవ్వింది కాదు, నిజంగా ఉన్నదే. మూగది ఉంది! మామయ్య ఇన్నేళ్ళూ పిచ్చివాడు కాదు. ఆమెకి అక్కడికక్కడే లేచి ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. టీ రెండు గుక్కలు కూడా తాగింది. మూడో గుక్క నోట్లో ఉండగా లెక్క మనసులోకొచ్చింది.

దగ్గర మజిలీలో నూటికి అయిదు కలిపాడు. సరే. రెండుసార్లు విప్పారు, అది నిన్న ప్రోగ్రాము తెరిచి ఆమె కళ్ళారా చూసింది, అందులో సందేహం లేదు. అంటే ఇవాళ దగ్గర మజిలీలో నూటికి అయిదు తక్కువుండాలి. తగ్గాయా? ఎక్కడ? నిండుగా ఉన్నాయి. కిందటి నెల నుంచి ఆ అంకె ఆమెకి కంఠతా వచ్చు. దగ్గర మజిలీలో ఒక్కటి తరగలేదు.

పైగా ‘అయిదో ఎంతో’ ఏమిటి? పెళ్ళిరోజు ఏటేటా మర్చిపోయి అత్తయ్య చేత చీవాట్లు తినే మనిషే గాని, లెక్కల్లో అంకె మర్చిపోయిన పాపాన పోలేదు ఆయన. పాతికేళ్ళ నాటి ప్రయోగంలో ఏ రోజున ఎన్ని మెరుపులో ఇప్పటికీ గడగడా చెబుతాడు.

“మాస్టారూ,” అంది.

పక్క గదిలో ఇస్త్రీ చప్పుడు ఆగిపోయింది. ఈ ఇంట్లో, ఈ బల్ల దగ్గర ఆ పిలుపు ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినబడలేదు. ఆయన కూడా తలెత్తి, ఎవరో కొత్త మనిషొచ్చినట్టు చూశాడు.

“దగ్గర మజిలీకి కట్టి ఉంటే గుంట అక్కడ పడాలి మాస్టారూ. అక్కడ పడలేదు.”

“అక్కడెందుకు పడుతుంది? విప్పేశాక గంతల ఊసే ఉండదు కదా.”

“ఒక్కసారి విప్పితే ఉండదు. మనం రెండుసార్లు విప్పాం.”

చెప్పింది. పాత ప్రోగ్రాము, కొత్త ప్రోగ్రాము, విడివిడి పరీక్షలు, రాత్రికి రాబోయే కొత్త లెక్క, అన్నీ. తొందర పేరు చెప్పినప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, వింటూ వింటూ ముందుకు వంగాడు. ఆమె ఆపేసరికి ఆయన బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు.

“అదా సంగతి! రెండుసార్లా! ఓరి దీని దుంపతెగ, నాకు తట్టనే లేదు చూడు. నెల్లాళ్ళుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను!”

అని నవ్వాడు కూడా. చిక్కుముడి విడిపోయినప్పుడు క్లాసులో నవ్వే నవ్వు. కోడలు ఆ నవ్వు కోసమే ఆయన దగ్గర చదువుకోవడానికి చేరింది ఒకప్పుడు.

“నెల్లాళ్ళుగానా?” అంది.

నవ్వు ఆగిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. మాస్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

“మధ్య మజిలీకే కట్టాను,” అన్నాడు చివరికి. “నూటికి ఆరు. విప్పిన రోజున తెర మీద మధ్య మజిలీలో సరిగ్గా ఆరు తక్కువొచ్చాయి. మీరంతా ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు. నేను కలిపినన్నే, నేను కలిపిన చోటే తగ్గడమేమిటి? ఎక్కడో తేడా జరిగిందని అప్పుడే తెలిసిపోయింది.”

“మరి నోరెత్తలేదే?”

“కాకతాళీయం అనుకున్నాను. కావచ్చుగా? మూగదానికి కూడా ఆరే నచ్చి ఉండొచ్చుగా?” అని, ఆమె మొహం చూసి, గొంతు దించేశాడు. “అలా అనుకోవాలని ఉందమ్మా నాకు. అంతే.”

కోడలికి ఒళ్ళు మండిపోయింది. మండటమంటే మామూలుగా కాదు. ఈ మనిషే కదా క్లాసులో బల్ల గుద్ది చెప్పింది, నీకు నచ్చిన జవాబొచ్చినప్పుడే నీ లెక్కని ఎక్కువ అనుమానించాలని? ఈ మనిషే కదా తన మొదటి వ్యాసంలో ఒక గీత కాస్త ఏటవాలుగా ఉందని నాలుగు నెలలు తిప్పించింది? ఆ కోపం వెనకే, చెబితే సిగ్గుచేటు గాని, ఏడుపు కూడా వచ్చింది. ఈ గుంట గురించి రాసిన వ్యాసం మీద మొదటి పేరు తనది. ఇవాళ వేదికెక్కి ఒక్క మాట చెబితే లోకమంతా గుర్తుపెట్టుకునే పేరు. అది కూడా పోతోంది కదా మరి.

“చూడమ్మా,” అన్నాడు మాస్టారు, బల్ల మీదికి వంగి, పక్క గదిలోకి వినబడకుండా. “తొందర మళ్ళీ మొదలుపెట్టిన లెక్క రాత్రికి గాని రాదంటున్నావు కదా. వచ్చేదాకా మనకేం తెలియనట్టే. సభ కానియ్యి. వారం పోయాక తప్పు దొరికిందని మనమే ప్రకటిద్దాం. అలాంటివి ఎన్ని జరగలేదు? ఎవరూ ఏమీ అనరు.”

“మనకి తెలుసు కదా మాస్టారూ.”

“ఒక్క వారం. ఒక్క సభ. వాళ్ళంతా నా మొహం చూసి, ఈ ముసలాడు చెప్పింది నిజమేరా అనుకోవాలి. ఒక్కసారి. తర్వాత కాదని తేలితే తేలనీ, నేనేం అనుకోను. ఇంకో ప్రయోగం కట్టి, ఇంకో బండి తోలి జవాబు చూసేదాకా నేనుంటానా చెప్పు?”

ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అడగడం కూడా చేత కాలేదు, మాట మాటకీ సాసరు జరుపుతూ కూర్చున్నాడు. కోడలికి ఆ క్షణాన సరే అనెయ్యాలనిపించింది. నిజంగానే అనిపించింది, దాచేదేముంది? వారం ఎంతలో గడుస్తుంది? ఎవరు చస్తారు? నోటిదాకా వచ్చింది.

అత్తయ్య గుమ్మంలోకొచ్చి నిలబడింది, చేతి మీద కోటు. ఎప్పట్నుంచి వింటోందో ఏమో.

“నాకు మీ కణాలు తెలియవు, మీ మజిలీలు తెలియవు,” అంది మొగుడితో. “మిమ్మల్ని పిచ్చివాడన్నారు, పడ్డాను. మూగదాని మొగుడన్నారు, నవ్వి ఊరుకున్నాను. ఇన్నేళ్ళలో మీరు అబద్ధమాడారని మాత్రం ఒక్క వెధవా అనలేదు. అది చూసుకునే నేను నలుగురిలో తలెత్తుకు తిరిగాను.”

కోటు కుర్చీ వీపుకి తగిలించి వెళ్ళిపోయింది. మాస్టారు ఆ కోటు వంక చూశాడు. తర్వాత లేచి, “నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యమ్మా,” అని తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అది కోపమో, ఒప్పుకోలో కోడలికి అంతుపట్టలేదు.

ఆమె అప్పుడే డైరెక్టరుకి ఫోను చేసింది. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత తిట్టాడు, తర్వాత నిట్టూర్చాడు. సభ ఆపడానికి లేదు, వచ్చినవాళ్ళు వచ్చేశారు.

“జవాబు లేదని మీరే వేదికెక్కి చెప్పండి,” అన్నాడు. “కాని ఎలా జరిగిందని అడుగుతారు. ఎవరు చేశారని అడుగుతారు. పేరు చెప్పకుండా తప్పించుకోలేం. ఆ ప్రోగ్రాము ఎవరు రాశారు?”

“మా బృందం రాసింది.”

“బృందానికి చేతులుండవండీ. మధ్యాహ్నానికి నాకు పేరు కావాలి,” అని పెట్టేశాడు.

తొందర ఉద్యోగం ఖాయం చెయ్యాలా వద్దా అన్నది ఈ నెలాఖరుకి తేలాలి. తేల్చేది ఆ డైరెక్టరే. తనంతట తానొచ్చి తప్పు చెప్పిన పిల్లని బలిపెట్టడమా? పెట్టనంటే పెట్టనని కోడలు దారంతా అనుకుంటూ వెళ్ళింది. పరీక్షలు చూసి సరేనన్నది తను. పేరు కావాలంటే తన పేరే చెబుతుంది. ఏమైతే అదవుతుంది.

మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. తొందర వెనక వరసలో, ఎవరూ చూడకూడదన్నట్టు ముడుచుకుని ఉంది. మాస్టారు వస్తాడో రాడో అని కోడలు తలుపు వంక చూస్తూనే ఉంది. వచ్చాడు. ఇస్త్రీ కోటు వేసుకుని, అత్తయ్యని వెంటబెట్టుకుని, తల వంచకుండా నడిచొచ్చి ముందు వరసలో తన కుర్చీలో కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు కొందరు. వెనకెక్కడో కిసకిసలు కూడా వినిపించాయి గాని, ఈసారి వాటిలో ఎకసెక్కం లేదు.

డైరెక్టరు నాలుగు మాటలు చెప్పి కోడలి వైపు తిరిగాడు. ఆమె లేచేలోపే మాస్టారు లేచాడు. వేదిక ఎక్కాడు. ఏదో గౌరవంగా రెండు ముక్కలు మాట్లాడతాడనుకుని డైరెక్టరు తన చేతిలో మైకు ఇచ్చేశాడు కూడా.

“మధ్య మజిలీలో గుంట ఉందని వినడానికి మీరందరూ వచ్చారు,” అన్నాడు మాస్టారు. “ఉంది. అది మూగది తవ్వింది కాదు. నేను తవ్వాను. గంతలు కట్టింది నేను, తాళం నాది. విప్పినప్పుడు రెండోసారి కూడా పనిచేసేలా నేనే చేశాను. పొరపాటున కాదు, కావాలనే చేశాను. ఇంత వయసొచ్చాక నా మాట నెగ్గించుకోవాలన్న దుర్బుద్ధి పుట్టింది. ఈ పిల్లలెవరికీ దీంతో సంబంధం లేదు.”

కోడలు వేదిక వైపు రెండడుగులు వేసింది. ఇదేమిటి? ఈయన చేసిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. ఆ ప్రోగ్రాముల గడప కూడా తొక్కలేదు, తొక్కడం రాదు కూడా. పొద్దున్న ఒక్క వారం మంచిపేరు కోసం బతిమాలుకున్న మనిషి, ఉన్న పేరు మొత్తం తీసి నలుగురి ముందు నేలకేసి కొట్టేశాడు. అత్తయ్య ముందు వరసలో కొయ్యబారిపోయి కూర్చుంది. వెనక వరసలో తొందర రెండు చేతులతో మొహం కప్పుకుంది.

పత్రికలవాళ్ళు లేచి నిలబడ్డారు. డైరెక్టరు ఎర్రబడిన మొహంతో కోడలి దగ్గరకొచ్చాడు. “బండి బాధ్యత మీది. ఆయన చెప్పింది నిజమేనా?”

నిజమేనంటే తను బతికిపోతుంది, తొందర బతికిపోతుంది, ఆ ముసలాయన మాత్రం దొంగగా చచ్చిపోతాడు. కోడలు వేదికెక్కి ఇంకో మైకు అందుకుంది.

“నిజం కాదు,” అంది. “ఆయన ఏ ప్రోగ్రామూ ముట్టుకోలేదు. పొరపాటు మా బృందంలో జరిగింది. పరీక్షలు సరిగ్గా చూడనిది నేను. ఆయన అబద్ధం చెబుతున్నారు.”

హాలంతా కలకలం రేగింది. మాస్టారు ఆమె వైపు ఒక్కసారి చూశాడు, ఎంతో ఆప్యాయంగా, క్లాసులో సరైన జవాబు చెప్పిన పిల్లని చూసినట్టు. తర్వాత సభ వైపు తిరిగి మైకు దగ్గరకి తీసుకున్నాడు.

“ఏమీ అనుకోకండి,” అన్నాడు. “మామగారిని కాపాడుకోవాలని చూస్తోంది. నా కోడలు కదా, ఇంకేం చెబుతుంది?”

ముందు వరసల్లో ఒక్కొక్కరే జాలిగా తలలూపారు. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది గాని, ఆ హాల్లో ఆమె మాట నమ్మేవాళ్ళు లేరు.